పది రోజుల క్యాంపు... మన పిల్లలూ పేరివ్వాలి

వేసవి సెలవులు దగ్గర పడుతుంటే ఎన్‌సిసి ఉన్న బడుల్లో నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటిస్తారు. వార్షిక శిక్షణ శిబిరం, పది రోజులు, వచ్చే క్యాడెట్లు తల్లిదండ్రుల సంతకంతో అంగీకార పత్రం తేవాలి అని అందులో ఉంటుంది. వాయు విభాగంలో, అంటే ఎయిర్ వింగ్‌లో ఉన్న పిల్లలను ఆ కాగితం ఇంకాస్త ఊరిస్తుంది. విమాన నమూనాలు చేయొచ్చు, రైఫిల్ పట్టుకోవచ్చు, విమానం ఎలా ఎగురుతుందో చెప్పే మనుషుల దగ్గర పది రోజులు కూర్చోవచ్చు.

మన తెలుగు బడుల పిల్లల్లో కొందరు మాత్రం ఆ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, ఇంట్లో చూపించకుండానే ఊరుకుంటారు. చూపించిన ఇళ్లలో మూడు మాటలు వినిపిస్తాయి. హిందీ రాదు, ఇంగ్లిష్ అంతంతమాత్రం, అక్కడ ఎట్లా నెగ్గుకొస్తావు? ఆడపిల్లను పది రోజులు ఎట్లా పంపుతాం? చదువు వెనకబడదా?

మూడూ న్యాయమైన ప్రశ్నలే. కానీ మూడింటికీ జవాబులున్నాయి. ఆ జవాబులు తెలియక వెనక్కి తగ్గితే నష్టపోయేది పిల్లలే. అందుకే ఈ వారం మేము వాయు విభాగం గురించి, అందులోని వేసవి క్యాంపు గురించి, మన బడులు చేయగలిగిన దాని గురించి వివరంగా రాస్తున్నాం.

మూడు రంగుల జెండాలో లేత నీలం

పండిట్ హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన వేసిన కమిటీ సిఫారసుల మీద 1948లో చట్టం చేసి నేషనల్ క్యాడెట్ కోర్‌ను నెలకొల్పారు. మరుసటి ఏడు బాలికల విభాగం మొదలైంది. 1950లో వాయు విభాగం, 1952లో నౌకా విభాగం వచ్చాయి. ఎన్‌సిసి జెండాలో కనిపించే ఎరుపు సైన్యానికి, ముదురు నీలం నౌకాదళానికి, లేత నీలం వైమానిక దళానికి గుర్తు. సంస్థ నినాదం ఐకమత్యం, క్రమశిక్షణ.

రాష్ట్రాల్లో ఎన్‌సిసి పని డైరెక్టరేట్ల కింద నడుస్తుంది. కర్ణాటక, గోవాలకు కలిపి ఒకటి. తమిళనాడు, పుదుచ్చేరి, అండమాన్ నికోబార్‌లకు కలిపి ఒకటి. ఒడిశాకు, మహారాష్ట్రకు వేరువేరుగా ఉన్నాయి. యానాం చుట్టూ ఆంధ్రప్రదేశే ఉన్నా అది పుదుచ్చేరిలో భాగం. తమ బడి ఏ డైరెక్టరేట్ కిందికి వస్తుంది? దరఖాస్తు పెట్టాలనుకునే బడులు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

ఇక తల్లిదండ్రులకు ఒక ముఖ్యమైన మాట. ఎన్‌సిసిలో చేరితే సైన్యంలో చేరాలనే నిర్బంధం లేదు. యుద్ధం వచ్చినా క్యాడెట్‌ను పిలిచి సరిహద్దుకు పంపరు. ఇది చదువుకునే పిల్లలకు ఇచ్చే శిక్షణ, అంతే. పూర్తయ్యాక సైన్యం వైపు వెళ్లాలా, ఇంకో దారి పట్టాలా అనేది పిల్లల ఇష్టం.

క్యాంపులో రోజు ఎలా గడుస్తుంది

ఊరు మారితే వేళలు కాస్త మారతాయి కానీ క్యాంపు తీరు దాదాపు అన్ని చోట్లా ఒకటే. తెల్లవారకముందే విజిల్ మోగుతుంది. పిల్లలు లేచి, పక్కలు మడిచి, వరసల్లో నిలబడితే హాజరు తీసుకుంటారు. పరుగు, వ్యాయామం అయ్యాక టిఫిన్. ఎండ ముదరకముందే డ్రిల్ ముగిస్తారు. తర్వాత నీడపట్టున తరగతులు. మధ్యాహ్నం భోజనం, కొంచెం విశ్రాంతి. సాయంత్రం ఆటలు, చీకటి పడ్డాక పాటలు, నాటికలు, మళ్లీ హాజరు, దీపాలు ఆర్పడం.

ఇంట్లో పళ్లెం కూడా కడగని పిల్లవాడు అక్కడ తన పళ్లెం తానే కడుగుతాడు. తన బూట్లకు తానే పాలిష్ పెడతాడు. తాళంచెవి పోగొట్టుకుంటే తనే వెతుక్కుంటాడు. గదిలో పక్క మంచం మీద తమిళం మాట్లాడే పిల్లవాడో, కన్నడం మాట్లాడే పిల్లవాడో, ఒడియా పిల్లవాడో ఉంటాడు. మొదటి రెండు మూడు రాత్రులు చాలామందికి ఇల్లు గుర్తొచ్చి గొంతు పట్టేస్తుంది. ఇది మామూలే. నాలుగో రోజుకు స్నేహాలు కుదురుతాయి. పదో రోజున బస్సెక్కేటప్పుడు మళ్లీ గొంతు పడుతుంది, ఈసారి క్యాంపు వదిలి వస్తున్నందుకు.

రైఫిల్ అనగానే భయపడే తల్లులున్నారు. క్యాంపుల్లో పిల్లలకు ఇచ్చేది 0.22 రైఫిల్. దాన్ని శిక్షకుల కళ్ల ముందు, ఫైరింగ్ రేంజిలో, నేల మీద బోర్లా పడుకుని, ఆజ్ఞ వచ్చాకే పేలుస్తారు. తూటాలు లెక్కపెట్టి ఇస్తారు, ఖాళీ తొడుగులు లెక్కపెట్టి తీసుకుంటారు. గురి కుదరడం కంటే ముందు పిల్లవాడు నేర్చుకునేది చెప్పేదాకా చెయ్యి ఆపుకోవడం.

బల్సా చెక్కతో భౌతికశాస్త్రం

వాయు విభాగాన్ని మిగతా రెండింటి నుంచి వేరు చేసేవి దాని తరగతులు. విమానం ఎగిరే సూత్రాలు, ఇంజన్, వాతావరణం, దారి కనుక్కోవడం, విమానాశ్రయంలో పాటించాల్సిన పద్ధతులు ఇందులో పాఠాలు. వీటికి తోడు ఏరో మోడలింగ్. బల్సా అనే చాలా తేలికైన చెక్కను కోసి, అతికించి, నున్నగా రుద్ది విమాన నమూనాలు తయారుచేస్తారు. కొన్ని చూడటానికి మాత్రమే. కొన్ని తీగ పట్టుకుని గుండ్రంగా తిప్పేవి. కొన్ని రేడియోతో నడిచేవి. అన్నిటికంటే సులువైనది చేత్తో విసిరే గ్లైడర్.

ఆ గ్లైడర్ ఒక్కటి చాలు, బడిలో సగం భౌతికశాస్త్రం చెప్పడానికి. విసిరితే ముక్కు పైకెత్తి, నెమ్మదించి, ధబీమని పడిందనుకోండి. ముక్కు దగ్గర బరువు చాల్లేదని అర్థం. కొంచెం బంకమట్టి అంటించాలి. విసరగానే నేలకు గుద్దుకుంటే ముక్కు బరువెక్కువైందని అర్థం. మట్టి కొంత తీసేయాలి. ఎప్పుడూ ఒక పక్కకే తిరుగుతుంటే రెక్కల్లో ఒకటి వంకర పోయిందో, ఒకటి బరువుగా ఉందో చూడాలి. గరిమనాభి అనే పదం పాఠ్యపుస్తకంలో నిర్వచనంగా ఉంటుంది. ఇక్కడ అది బఠాణీ గింజంత మట్టి ముద్దగా వేలికి అంటుకుంటుంది.

విమానం మీద పనిచేసే బలాలు నాలుగు. కిందికి లాగే భారం, పైకి ఎత్తే బలం, ముందుకు తోసే బలం, వెనక్కి పట్టే గాలి నిరోధం. భారం సంగతి పిల్లలకు తెలుసు. పైకెత్తే బలం దగ్గరే తికమక. రెక్క పైభాగం వంపుగా ఉంటుంది కాబట్టి అటు వెళ్లే గాలికి దూరం ఎక్కువ, కిందివైపు గాలిని కలుసుకోవడానికి అది తొందరపడుతుంది అని చాలా పుస్తకాల్లో రాస్తుంటారు. అది సరికాదు. పైగాలి, కిందిగాలి ఒకే సమయానికి కలుసుకోవాలనే నియమం ఏదీ లేదు. నిజానికి పైగాలి ముందే వెళ్లిపోతుంది. రెక్క గాలిని కిందికి మళ్లిస్తుంది, ఆ గాలి తిరిగి రెక్కను పైకి నెడుతుంది. రెక్క పైన పీడనం తగ్గుతుంది, కింద ఎక్కువగా ఉంటుంది. న్యూటన్ మూడో సూత్రం, బెర్నూలీ సూత్రం రెండూ ఒకే సంగతిని రెండు వైపుల నుంచి చెబుతాయి. సైన్సు టీచర్లు ఈ ఒక్క విషయం సరిచేసి చెప్పి పంపినా క్యాంపులో పిల్లలు తలెత్తుకుని ప్రశ్న అడగగలుగుతారు.

సంక్రాంతికి గాలిపటం ఎగరేసిన పిల్లలకు ఇది ఇంకా సులువు. గాలిపటం వెన్నుకు కట్టే దారంలో ముడిని ఒక అంగుళం పైకో కిందికో జరిపితే పటం గాలికి ఎదురొడ్డే వాలు మారుతుంది. వాలు సరిపోతే పటం నిలుస్తుంది. మరీ ఎక్కువైతే ఊగిసలాడి కూలుతుంది. విమానం రెక్కకూ అంతే. గాలికి ఎదురుగా రెక్క వాలు సుమారు 15 డిగ్రీలు దాటితే చాలా రెక్కల మీద గాలి ప్రవాహం విడిపోయి, ఎత్తే బలం ఒక్కసారిగా పడిపోతుంది. దాన్ని స్టాల్ అంటారు. ఇంజన్ ఆగిపోవడం కాదు, రెక్క పని ఆగిపోవడం. గాలిపటం తెగకుండానే కూలిన రోజు గుర్తున్న పిల్లవాడికి ఇది తెలుగులో ఒక్క వాక్యంతో బోధపడుతుంది.

వాతావరణ పాఠమూ అంతే. నేల నుంచి పైకి వెళ్లే కొద్దీ ప్రతి కిలోమీటరుకూ సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున చల్లబడుతుంది. వేడి గాలి పలచన. పలచని గాలిలో రెక్కకూ పట్టు తక్కువ, ఇంజన్‌కూ బలం తక్కువ. అందుకే వేసవి మధ్యాహ్నం, అదీ బెంగళూరు లాంటి ఎత్తైన చోట, విమానం నేల వదలడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. చిన్న విమానాలతో శిక్షణ ఇచ్చేవాళ్లు పొద్దున్నే ఎందుకు ఎగురుతారో ఈ ఒక్క మాటతో తెలిసిపోతుంది. మధ్యాహ్నం నేల వేడికి లేచే గాలి చిన్న విమానాన్ని కుదిపేయడం మరో కారణం.

విమానం ఎక్కిస్తారా?

పిల్లలు ముందు అడిగేది ఇదే. జవాబు నిజాయితీగా చెప్పాలి. బడి స్థాయిలో, అంటే జూనియర్ డివిజన్‌లో, విమానం ఎక్కడం ఖాయమని ఆశపెట్టకూడదు. మైక్రోలైట్ విమానాల్లో ఎగిరే శిక్షణ ముఖ్యంగా కాలేజీ స్థాయి సీనియర్ క్యాడెట్లకు. ఇద్దరు పక్కపక్కన కూర్చునే ఆ చిన్న విమానంలో శిక్షకుడి దగ్గరా, క్యాడెట్ దగ్గరా నియంత్రణలుంటాయి. ఎన్‌సిసి వాడుతున్న వాటిలో స్లొవేనియాలోని పిపిస్ట్రెల్ కంపెనీ తయారుచేసిన వైరస్ ఎస్‌డబ్ల్యూ 80 ఒకటి. దాని పేరులోని 80 ఇంజన్ అశ్వశక్తిని చెబుతుంది, అంటే మనం రోడ్డు మీద చూసే చిన్న కారు ఇంజన్ అంత. కొన్ని యూనిట్లలో నేల మీదే ఎగిరిన అనుభవం ఇచ్చే సిమ్యులేటర్లు కూడా ఉన్నాయి.

ఏటా అఖిల భారత వాయు సైనిక్ క్యాంపు జరుగుతుంది. రాష్ట్రాల నుంచి ఎంపికైన క్యాడెట్లు అక్కడ ఏరో మోడలింగ్, ఫైరింగ్, ఫ్లయింగ్ వంటి వాటిలో పోటీపడతారు. బెంగళూరు ఉత్తరాన ఉన్న జక్కూరు చాలా ఏళ్లు ఈ క్యాంపుకు వేదికైంది. ప్రభుత్వ విమాన శిక్షణ పాఠశాల కూడా జక్కూరులోనే ఉంది.

మన ఊళ్ల దగ్గరే

విమానం మనకు దూరపు వస్తువు అనుకుంటాం. మన వాళ్లు తరతరాలుగా స్థిరపడిన చోట్లను ఒకసారి చూడండి. బెంగళూరులో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ మూలసంస్థ 1940లోనే మొదలైంది. తెలుగు బడులున్న హోసూరు పక్కన బేలగొండపల్లిలో విమాన విభాగాలు తయారుచేసే కర్మాగారం, దానికి సొంత రన్‌వే ఉన్నాయి. ఒడిశాలో కోరాపుట్ జిల్లా సునాబెడాలో 1960ల నుంచి మిగ్ విమానాల ఇంజన్లు తయారయ్యాయి. బరంపురం పక్కన రంగైలుండాలో రన్‌వే ఉంది. మహారాష్ట్రలో నాసిక్ దగ్గర ఓఝర్‌లో యుద్ధవిమానాలే తయారవుతాయి. షోలాపూర్‌లో విమానాశ్రయం ఉంది. బీదర్‌లో వైమానిక దళం పైలట్లకు జెట్ విమానాల మీద శిక్షణ ఇస్తుంది. చెన్నై శివారు తాంబరంలో పైలట్లకు పాఠం చెప్పే శిక్షకులనే తయారుచేసే పాఠశాల ఉంది.

ఇక వైమానిక దళ అకాడమీ ఉన్నది హైదరాబాద్ పక్కన దుండిగల్‌లో. 2016 జూన్ 18న అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశపు తొలి మహిళా యుద్ధవిమాన పైలట్లుగా బాధ్యత స్వీకరించింది అక్కడే. తెలుగు నేల మీద జరిగిన ఆ పరేడ్ మన ఆడపిల్లలకు చెప్పి తీరాల్సిన పాఠం.

ఈ కర్మాగారాలకు, విమానాశ్రయాలకు పైలట్లొక్కరే చాలరు. ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు, వాతావరణ నిపుణులు, ఇంజనీర్లు కావాలి. వాయు విభాగంలో రెండేళ్లు గడిపిన పిల్లవాడికి ఆ పనులేమిటో, వాటికి ఏం చదవాలో పదిహేనేళ్లకే ఒక అవగాహన వస్తుంది.

భాష అడ్డు కాదు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. డ్రిల్ ఆజ్ఞలన్నీ హిందీలోనే ఉంటాయి, నిజమే. సావధాన్ అంటే మడమలు కలిపి కదలకుండా నిలబడటం. విశ్రామ్ అంటే కాళ్లు ఎడం చేసి నిలబడటం. దాహినే ముడ్, బాయే ముడ్, పీఛే ముడ్ అంటే కుడికి, ఎడమకు, వెనక్కి తిరగడం. తేజ్ చల్ అంటే కవాతు మొదలు, థమ్ అంటే ఆగడం. రోజూ వినే మాటలు రెండు డజన్లకు మించవు. వీటికి వ్యాకరణం అక్కర్లేదు. చెవి విని కాలు కదలాలి, అంతే. పైగా తమిళ మాధ్యమం పిల్లవాడికీ, కన్నడ మాధ్యమం అమ్మాయికీ అవి అంతే కొత్త. ఆ మైదానంలో మన పిల్లలు ఒంటరివాళ్లు కారు.

ఇంగ్లిష్ సంగతి ఇంకా ఆసక్తికరం. విమానయానంలో వాడే ఇంగ్లిష్‌ను ఇంగ్లిష్ ఇంటిభాషగా ఉన్నవాళ్లు కూడా ప్రత్యేకంగా నేర్చుకోవాల్సిందే. ఎ, బి, సి అని పలికితే రేడియోలో బి ఏదో, డి ఏదో, పి ఏదో తెలియదు. అందుకే ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా అని అక్షరానికో పదం పెట్టుకున్నారు. వేర్వేరు భాషల వాళ్లు పలికినా, విన్నా పొరపాటు రాని పదాలను పరీక్షించి ఎంచి, 1956లో వాటిని అమలులోకి తెచ్చారు. అంటే ఇంగ్లిష్ ఇంటిభాష కాని మనుషులను మనసులో పెట్టుకుని తయారైన జాబితా అది. అంతర్జాతీయ విమాన సర్వీసులు నడిపే పైలట్ల ఇంగ్లిష్‌ను ఆరు స్థాయిల్లో కొలుస్తారు. కనీసం నాలుగో స్థాయి ఉండాలి. ఆ కొలతలో యాసకు శిక్ష లేదు. మాట ఎదుటివాడికి అర్థమవుతోందా లేదా అన్నదే లెక్క.

కాబట్టి మన టీచర్లు చేయాల్సింది తెలుగు మానేసి ఇంగ్లిష్ మొదలుపెట్టడం కాదు. విషయం తెలుగులో అర్థమయ్యేలా చెప్పి, పేరు ఇంగ్లిష్‌లో పలికించడం. పిల్లవాడు నోటుబుక్కులో మూడు గళ్లు గీసుకోవాలి. మొదటి గడిలో ఆజ్ఞ లేదా సాంకేతిక పదం, రెండో గడిలో తెలుగు అర్థం, మూడో గడిలో చేయాల్సిన పని లేదా చిన్న బొమ్మ. ఎలివేటర్: తోకలోని కదిలే పలక: ముక్కు పైకీ కిందికీ. ఐలెరాన్: రెక్క చివరి పలక: పక్కలకు ఒరగడం. రడ్డర్: తోక మీద నిలువు పలక: ముక్కు కుడికీ ఎడమకూ. నెల రోజులు రోజుకు పది నిమిషాలు చొప్పున చేస్తే క్యాంపు నాటికి ఈ గళ్లు పిల్లల నోటికొస్తాయి.

సాయంత్రం సాంస్కృతిక కార్యక్రమాల్లో ఇదే భాష మన పిల్లల బలమవుతుంది. కోలాటం వచ్చిన అమ్మాయి, జానపదం పాడే అబ్బాయి ఆ క్యాంపులో అందరికీ పేరుతో తెలిసిపోతారు. బడి బయట తెలుగు మాట్లాడటానికి సిగ్గుపడిన పిల్లలు, పక్క మంచం తమిళ స్నేహితుడికి నాలుగు తెలుగు మాటలు నేర్పి తిరిగొస్తారు. మైనారిటీ బడి పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

ఆడపిల్లలు, ఆరోగ్యం, చదువు

బాలికల క్యాడెట్లకు బస వేరుగా ఉంటుంది. వాళ్లతో మహిళా అధికారులు, శిక్షకులు ఉంటారు. బడి తరఫున వెళ్లే టీచర్ ఎవరు, రాత్రి ఎవరు కాపలా ఉంటారు, ఫోన్ ఎప్పుడు చేయనిస్తారు అని ముందే అడగండి. అడగడం తల్లిదండ్రుల హక్కు, చెప్పడం నిర్వాహకుల బాధ్యత. చాలా క్యాంపుల్లో పిల్లల దగ్గర ఫోన్ ఉంచనివ్వరు. కాబట్టి అత్యవసరమైతే ఏ నంబరుకు చేయాలో రాసి తీసుకోండి.

ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు, మందుల ఎలర్జీ వంటివి ఉంటే దాచవద్దు. క్యాంపుకు పంపరేమో అన్న భయంతో దాస్తే ఎండలో పరుగెత్తేటప్పుడు ప్రమాదం పిల్లలకే. పంపే ముందు రెండు వారాలు పొద్దున్నే లేపి నడిపించండి, ఇంట్లో కూడా తరచుగా నీళ్లు తాగే అలవాటు చేయండి. కొత్త బూట్లు క్యాంపులోనే మొదటిసారి తొడిగితే కాళ్లు బొబ్బలెక్కుతాయి. ముందే తొడిగించి మెత్తబరచాలి. సంచిలో స్టీలు పళ్లెం, గ్లాసు, మగ్గు, తాళం, టార్చి, దోమతెర, రెండు జతల సాక్సులు అదనంగా, పెద్దమ్మాయిలకు శానిటరీ ప్యాడ్లు ఉండాలి. నగలు, ఎక్కువ డబ్బు వద్దు.

ఖర్చు విషయానికొస్తే, మామూలు పద్ధతిలో నడిచే యూనిట్లలో క్యాంపు భోజనం, వసతి ప్రభుత్వమే చూసుకుంటుంది. కొన్ని బడులు మాత్రం ఖర్చు తామే భరించే పద్ధతిలో ఎన్‌సిసి నడుపుతాయి. మీ బడి ఏ పద్ధతిలో ఉందో, తల్లిదండ్రుల మీద ఏమైనా పడుతుందో చేరేటప్పుడే కనుక్కోండి.

చదువు మాటకు జవాబు క్యాలెండర్‌లో ఉంది. బడి స్థాయి శిక్షణ రెండేళ్లు. హాజరు కనీసం 75 శాతం ఉండాలి. రెండో ఏడు చివర రాత, ప్రాక్టికల్ పరీక్షలు రాస్తే ఎ సర్టిఫికెట్ వస్తుంది. ఎనిమిదో తరగతి మొదట్లో చేరిన పిల్లలకు అది తొమ్మిదిలో పూర్తవుతుంది, పదో తరగతి ఏడాది ఖాళీగా దొరుకుతుంది. తొమ్మిదిలో చేరితే రెండో ఏడు సరిగ్గా పబ్లిక్ పరీక్షల మీద పడుతుంది. ఆ ఏడాది తల్లిదండ్రులు క్యాంపుకు పంపరు, పిల్లవాడు మధ్యలో మానేస్తాడు. ఇంట్లో జరిగే గొడవల్లో ఎక్కువభాగం ఒక్క ఏడాది ఆలస్యంగా చేరడం వల్లే.

కాలేజీలో కొనసాగితే బి, సి సర్టిఫికెట్లు వస్తాయి. వైమానిక దళం ఫ్లయింగ్ శాఖలో ఎయిర్ వింగ్ సి సర్టిఫికెట్ ఉన్న పట్టభద్రులకు ప్రత్యేక ప్రవేశం ఉంది. రాత పరీక్ష లేకుండా నేరుగా ఎంపిక బోర్డు ముందుకు వెళ్లవచ్చు. దానికి పన్నెండో తరగతిలో గణితం, భౌతికశాస్త్రం చదివి ఉండాలి. కాబట్టి పది తర్వాత గ్రూపు ఎంచుకునేటప్పుడు ఈ దారి కూడా గుర్తుండాలి.

యూనిట్ లేని బడి ఏం చేయాలి

మన చిన్న బడుల్లో చాలావాటికి ఎన్‌సిసి యూనిట్ లేదు. యూనిట్ కావాలంటే బడి యాజమాన్యం దగ్గర్లోని ఎన్‌సిసి యూనిట్‌కు లేదా గ్రూప్ ప్రధాన కార్యాలయానికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టుకోవాలి. వెంటనే దొరక్కపోవచ్చు, వరసలో ఉండాల్సి రావచ్చు. అయినా పెట్టిన దరఖాస్తుకే వరసలో చోటుంటుంది. 2024లో కేంద్రం మరో 3 లక్షల క్యాడెట్ స్థానాలకు ఆమోదం తెలిపింది. దాంతో మొత్తం 20 లక్షలకు చేరేలా విస్తరణ జరుగుతోంది. ఇలాంటి సమయంలో అడగకుండా కూర్చోవడం సరికాదు. వాయు విభాగం యూనిట్లు నగరాల చుట్టూనే ఎక్కువ. దూరంగా ఉన్న బడికి సైన్యం విభాగం దొరికినా పుచ్చుకోవాలి. డ్రిల్, క్యాంపు, సర్టిఫికెట్ అందులోనూ ఉన్నాయి.

దరఖాస్తు కంటే ముందు కావాల్సింది ఒక టీచర్. ప్రతి బడి యూనిట్‌నూ ఆ బడి ఉపాధ్యాయుడో ఉపాధ్యాయురాలో అసోసియేట్ ఎన్‌సిసి ఆఫీసర్‌గా నడపాలి. దానికోసం శిక్షణకు వెళ్లాలి, ఆదివారాలు వదులుకోవాలి, క్యాంపులో పిల్లలతో పది రోజులు ఉండాలి. ఉన్న నలుగురు టీచర్లతో తరగతులు గడవడమే కష్టమైన బడిలో ఇది తేలిక కాదని మాకు తెలుసు. ఆ ఒక్కరు ముందుకొచ్చిన బడిలో యాజమాన్యం వారి పిరియడ్ల భారం కొంత తగ్గించాలి. తల్లిదండ్రుల సంఘం వారి వెనక నిలబడాలి. ఆ ఒక్కరు లేకపోతే యూనిట్ మంజూరైనా నిలవదు.

యూనిట్ వచ్చేదాకా ఊరికే ఉండనక్కర్లేదు. శనివారం ఒక గంట చాలు. థర్మోకోల్, మందపాటి అట్ట, బంకమట్టితో గ్లైడర్లు చేయించండి. ఎవరిది ఎంతదూరం పోయిందో అడుగులేసి కొలిచి, మట్టి ఎంత అంటించారో పక్కన రాయించండి. అయిదు విసుర్ల సగటు తీయించండి. ఖర్చు వంద రూపాయలు దాటదు. గోడ మీద ఆల్ఫా నుంచి జూలూ దాకా చార్టు కట్టి, హాజరు పిలిచేటప్పుడు పిల్లలతో తమ పేరులోని మొదటి అక్షరాన్ని ఆ పదంతో పలికించండి. విమానాశ్రయమో విమాన కర్మాగారమో దగ్గరుంటే అక్కడ పనిచేసి రిటైరైన తెలుగువాళ్లు ఊళ్లో ఎవరో ఒకరుంటారు. వాళ్లను ఒక పూట బడికి పిలిచి తెలుగులో మాట్లాడించండి.

బడులు తెరిచే జూన్‌లో ఎనిమిదో తరగతి పిల్లల పేర్లు అడుగుతారు. ఆ వారంలో టీచర్ తరగతిలోకి వెళ్లి చెప్పాల్సింది నాలుగు మాటలే. చేరడానికి మార్కులు అడ్డు కాదు, హిందీ అడ్డు కాదు, ఆడపిల్ల కావడం అడ్డు కాదు, సైన్యంలో చేరాలనే నిర్బంధం లేదు. ఆ నాలుగు మాటలూ తెలుగులో చెప్పండి. ఇంట్లో అమ్మానాన్నలకు చూపించడానికి ఒక కాగితం మీద రాసి కూడా ఇవ్వండి. పేరు ఇవ్వాలా వద్దా అన్నది ఆ తర్వాత పిల్లలూ తల్లిదండ్రులూ కలిసి తేల్చుకుంటారు.